ఆన్‌లైన్‌లో మన వివరాలు, మన డబ్బు: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరైన తరువాత కూడా, మా కాలనీలో ఎవరికి అనుమానం కలిగించే ఫోను వచ్చినా, మెసేజీ వచ్చినా నన్ను అడగడం ఆనవాయితీగా మారింది. అడిగే మనుషులు మారుతున్నా ప్రశ్నలు దాదాపు అవే కావడంతో వాటిని జవాబులతో సహా ఇక్కడ రాసి పెడుతున్నాను. ఇప్పుడే డబ్బు పోగొట్టుకుని ఇది చదువుతున్నవారు మిగతాదంతా పక్కన పెట్టి ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ అయిన 1930 నంబరుకు ఫోన్ చేయండి. మిగతాది తరువాత చదవవచ్చు.

ఫోన్ చేసిన మనిషికి నా పేరు, నా బ్యాంకు, మా అబ్బాయి చదివే కాలేజీ ఎలా తెలిశాయి?

వాటిలో చాలావరకు ఎప్పుడో ఒకప్పుడు మనమే ఎవరికో ఇచ్చాం. బట్టల షాపులో బిల్లు వేసేటప్పుడు ఫోన్ నంబరు చెప్పాం. ఎగ్జిబిషన్‌లో లక్కీ డ్రా కూపను మీద ఇంటి చిరునామా రాసి డబ్బాలో వేశాం. కాలేజీ అడ్మిషన్ల రోజుల్లో ఏదో కన్సల్టెన్సీ వారి ఫారంలో పిల్లవాడి ర్యాంకు, తండ్రి ఉద్యోగం, ఏడాది ఆదాయం నింపాం. పెళ్లి సంబంధాల గ్రూపులో బయోడేటా పెట్టి, గోత్రం, నక్షత్రంతో పాటు జీతం, సొంత ఇల్లు, అన్నదమ్ముల ఉద్యోగాలు కూడా రాశాం. వీటిలో ఏ ఒక్కటీ విడిగా చూస్తే ప్రమాదంగా తోచదు. అవి చేతులు మారి, ఒక మనిషి పేరు కింద ఒకచోట చేరినప్పుడు మాత్రం ఎన్నడూ చూడని వాడు మన బంధువులాగా మాట్లాడగలుగుతాడు. గోప్యత అనేది దాచుకోవలసిన రహస్యాలు ఉన్నవారి వ్యవహారమని చాలామంది అనుకుంటారు గానీ, నేను చూసిన మోసాలలో ఎక్కువ భాగం ఎదుటివాడు చెప్పిన మొదటి రెండు వివరాలు సరిగ్గా ఉండటంతోనే మొదలయ్యాయి.

కాబట్టి మన వివరాలు తెలిసి ఉండటాన్ని అతను బ్యాంకు మనిషి అనడానికి రుజువుగా తీసుకోకూడదు. బ్యాంకు పేరుతో ఫోన్ వస్తే పెట్టేసి, పాస్‌బుక్కు మీదో కార్డు వెనుకో అచ్చయిన నంబరుకు మనమే చేయాలి. గూగుల్‌లో వెతికితే దొరికే కస్టమర్ కేర్ నంబర్లను నమ్మవద్దు. వాటిలో మోసగాళ్లు పెట్టినవి కూడా ఉంటాయి. ఖాతా లావాదేవీలకు సంబంధించిన కాల్స్‌కు 1600తో మొదలయ్యే నంబర్లనూ, ప్రచారానికి 140తో మొదలయ్యే నంబర్లనూ వాడాలని రిజర్వు బ్యాంకు 2025 జనవరిలో బ్యాంకులను ఆదేశించింది. వెబ్‌సైటు చిరునామాలను కూడా ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’తో ముగిసేలా 2025 అక్టోబరు 31 లోగా మార్చుకోవాలని చెప్పింది. మామూలు పది అంకెల మొబైలు నంబరు నుంచి ‘మీ కేవైసీ ఈ రాత్రికి ఆగిపోతుంది’ అని ఎవరైనా చెబితే అక్కడితో ఆ సంభాషణ ముగించవచ్చు.

జిరాక్స్ షాపులో ఆధార్ ప్రింటు తీయించుకుంటే ఏమవుతుంది?

ఈ మధ్య ఒక కాగితం ప్రింటు కోసం బస్టాండు దగ్గర ఉన్న షాపుకు వెళ్లాను. గోడ మీద వాట్సాప్ నంబరు రాసి ఉంది. దానికి ఫైలు పంపితే షాపు కుర్రాడు తన కంప్యూటరులో తెరిచి ప్రింటు ఇస్తాడు. నా ఫైలు కోసం అతను డౌన్‌లోడ్స్ ఫోల్డరు తెరిచినప్పుడు అందులో కనిపించినవి వరుసగా చెబుతాను: ఎవరిదో ఆధార్, దాని కిందే అదే ఇంటిపేరుతో మరో రెండు ఆధార్‌లు, ఒక పాన్ కార్డు, మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, పదో తరగతి మెమో, సంతకంతో సహా ఒక అమ్మాయి పాస్‌పోర్టు సైజు ఫోటో. ఆ కుర్రాడిలో దురుద్దేశమేమీ లేదు, పని ఒత్తిడిలో తుడిచేయడం అతనికి తోచలేదు, అంతే. కానీ ఆ కంప్యూటరు ముందు రోజంతా ఎవరెవరు కూర్చుంటారో మనకు తెలియదు.

ఇక్కడ చేయగలిగిన పనులు చిన్నవే. వీలైతే పెన్‌డ్రైవులో తీసుకెళ్లి, మన కళ్లెదుటే ప్రింటు తీయించుకోవాలి. వాట్సాప్‌లో పంపక తప్పకపోతే ప్రింటు చేతికి రాగానే అక్కడే నిలబడి, ఆ ఫైలును ఫోల్డరులోంచీ రీసైకిల్ బిన్‌లోంచీ తీసేయమని అడగాలి. అడగడానికి మొహమాటపడవలసిన పని లేదు. అంతకంటే మంచిది, ఆధార్ వెబ్‌సైటు నుంచి మాస్క్‌డ్ ఆధార్ దింపుకోవడం. అందులో పన్నెండు అంకెలలో మొదటి ఎనిమిది కనిపించవు, చివరి నాలుగే ఉంటాయి. ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డు ఉంది కదా అని ధైర్యపడేవారు ఒక సంగతి గమనించాలి: పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం కలిపితే అదే పాస్‌వర్డు, అది అందరికీ తెలిసినదే.

2022 మే నెలలో ఆధార్ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం, ఫోటోకాపీలు ఎవరికి పడితే వారికి ఇవ్వవద్దని, మాస్క్‌డ్ ఆధార్ వాడమని ఒక ప్రకటన ఇచ్చింది. జనం కంగారుపడుతున్నారని కేంద్రం దాన్ని రెండు రోజులకే వెనక్కి తీసుకుంది. ప్రకటన వెనక్కి పోయినా సలహా మాత్రం మంచిదేనని నా అభిప్రాయం. జిరాక్స్ కాపీ ఇవ్వక తప్పనప్పుడు దాని మీద అడ్డంగా, అచ్చు మీదికి వచ్చేలా, ఎవరికి, ఎందుకు, ఏ తేదీన ఇస్తున్నామో రాసి సంతకం చేయాలి. పాతకాలపు పద్ధతే అయినా ఇంకొకచోట ఆ కాపీని వాడటం కష్టమవుతుంది.

ఓటీపీ రాలేదు, పిన్ చెప్పలేదు, వేలిముద్రతో డబ్బు తీశారంటున్నారు. సాధ్యమేనా?

సాధ్యమే. ఆధార్ ఆధారిత చెల్లింపుల పద్ధతిలో బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర ఉంటే చాలు, ఊళ్లో బ్యాంకు తరఫున పనిచేసే బ్యాంకు మిత్ర దగ్గర డబ్బు తీసుకోవచ్చు. ఏటీఎం లేని పల్లెల్లో ఇది గొప్ప సౌకర్యం. ఆస్తి రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీద ఉండే వేలిముద్రలను సిలికాన్ వంటి పదార్థం మీద అచ్చు తీసి ఇదే పద్ధతిలో డబ్బు కాజేసిన ముఠాలు తెలుగు రాష్ట్రాలలోనూ పట్టుబడ్డాయి.

దీనికి మందు బయోమెట్రిక్ లాక్. ఆధార్ వెబ్‌సైటులో గానీ యాప్‌లో గానీ లాక్ చేస్తే వేలిముద్ర, కనుపాపలతో ధ్రువీకరణ జరగదు. అయితే ఈ సలహా ఇచ్చేవారు ఒక మాట చెప్పడం మరిచిపోతుంటారు. రేషను దుకాణంలోనూ పింఛను దగ్గరా అదే వేలిముద్ర అడుగుతారు, అక్కడ కూడా పని చేయదు. ఒకటో తారీఖున పింఛను అందక ఇబ్బంది పడే పెద్దవారికి లాక్ చేసి ఇచ్చేటప్పుడు, తాత్కాలికంగా తెరవడం ఎలాగో ఇంట్లో ఇంకొకరికి కూడా నేర్పి పెట్టండి.

పెళ్లి పత్రిక ఫైలు తెరిస్తే ఖాతా ఖాళీ అవుతుందా?

పత్రిక ఫోటోగానో పీడీఎఫ్‌గానో వస్తే, అదీ తెలిసినవారు పంపితే, భయం లేదు. ఫైలు పేరు చివర చుక్క తరువాత ‘ఏపీకే’ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉంటే మాత్రం అది పత్రిక కాదు, ఫోనులో ఇన్‌స్టాల్ అయ్యే యాప్. దాన్ని నొక్కగానే ఫోను ఒకసారి అడ్డుపడి, ‘తెలియని చోటు నుంచి వచ్చిన యాప్, అనుమతిస్తారా?’ అని అడుగుతుంది. అనుమతిస్తే ఆ యాప్ మెసేజీలు చదివే హక్కు కోరుతుంది. అదీ ఇచ్చేశామా, ఇక మనకు వచ్చే ఓటీపీలు మనం ఎవరికీ చెప్పనవసరం లేకుండానే వాళ్లకు చేరుతుంటాయి. పెళ్లి పత్రికతో పాటు ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్, బ్యాంకు కేవైసీ పేర్లతో కూడా ఈ ఫైళ్లు తిరుగుతున్నాయి. పైగా ఇవి అపరిచితుల నుంచే రావు. మన మేనమామ ఫోను ముందే వాళ్ల చేతిలో పడి ఉంటే ఆయన నంబరు నుంచే వస్తాయి.

పొరపాటున ఇన్‌స్టాల్ చేసినట్లు తెలిస్తే మొట్టమొదట మొబైల్ డేటా, వైఫై రెండూ ఆపేయండి. సిమ్ తీసి వేరే ఫోనులో వేసుకుని, అక్కడి నుంచి బ్యాంకుకు ఫోన్ చేసి ఖాతాను స్తంభింపజేయమనండి. పాత ఫోనులో ఆ యాప్‌ను తీసేసినా నాకు పూర్తి నమ్మకం ఉండదు. ఫోటోలు భద్రపరచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయించడమే, అంటే ఫోనులో ఉన్నదంతా తుడిచి కొత్తదానిలా చేయించడమే ఉత్తమం.

తెర పంచుకునే యాప్‌లది కూడా ఇదే కథ. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ నిజాయితీగల పనిముట్లే. ‘రీఫండ్ ఇస్తాం, ఇది వేసుకోండి’ అని ఫోనులో చెప్పేవాడి చేతిలో మాత్రం అవి మన ఇంటి తాళంచెవి.

డబ్బు రావడానికి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాలా?

అక్కర్లేదు. యూపీఐ పిన్ కొట్టేది డబ్బు పంపడానికీ, బ్యాలెన్స్ చూసుకోవడానికీ మాత్రమే. వచ్చే డబ్బుకు పిన్ ఎప్పుడూ అడగదు. పాత సోఫా అమ్మకానికి పెడితే ‘ఆర్మీలో పనిచేస్తున్నాను’ అని చెప్పి కోడ్ పంపేవాడు ఇప్పటికీ ఉన్నాడు.

‘డిజిటల్ అరెస్టు’ అనేది చట్టంలో ఉందా?

లేదు. భారతదేశంలో ఏ చట్టమూ వీడియో కాల్‌లో అరెస్టు చేసే అధికారాన్ని ఏ పోలీసుకూ, సీబీఐకీ, ఈడీకీ, కస్టమ్స్‌కూ ఇవ్వలేదు. ప్రధానమంత్రి కూడా 2024 అక్టోబరు 27 నాటి మన్ కీ బాత్‌లో ఈ మాటే చెప్పారు. అయినా డాక్టర్లు, ప్రొఫెసర్లు, రిటైరైన అధికారులు ఇందులో చిక్కుకుంటున్నారంటే కారణం చదువు తక్కువ కావడం కాదు. నేను చూసినంతలో చట్టమంటే గౌరవం ఉన్నవారు, జీవితంలో పోలీసు స్టేషను గడప తొక్కనివారు దీనికి తొందరగా లొంగుతారు.

అది నడిచే తీరు ఇలా ఉంటుంది. మొదట కొరియరు కంపెనీ పేరుతో ఫోను: మీ ఆధార్‌తో విదేశానికి వెళుతున్న పార్శిలులో మత్తుపదార్థాలు దొరికాయి. మీరు కాదనగానే, ‘అయితే మీ ఆధార్‌ను ఎవరో వాడుకున్నారు సార్, పోలీసులకు మీరే ఫిర్యాదు చేయండి, నేను కలుపుతాను’ అని సాయం చేస్తున్నట్లు మాట్లాడతాడు. ఆ తరువాత వీడియోలో యూనిఫారం వేసుకున్న మనిషి, వెనుక గోడ మీద ముద్ర, టేబులు మీద జెండా. మీ ఆధార్ నంబరు ఆయనే చదివి వినిపిస్తాడు; మొదటి ప్రశ్నలో చెప్పిన వివరాలు ఇక్కడ పనికొస్తాయి. కాల్ ఆపవద్దు, గది తలుపు వేసుకోండి, భార్యకు కూడా చెప్పవద్దు, చెబితే ఆమె కూడా ముద్దాయి అవుతుంది అంటాడు. చివరికి ‘పరిశీలన కోసం’ ఫిక్స్‌డ్ డిపాజిట్లు రద్దు చేయించి ‘ప్రభుత్వ ఖాతా’కు పంపిస్తాడు, మూడు రోజుల్లో తిరిగి వస్తాయంటాడు.

ఈ నాటకంలో ఆయువుపట్టు ఇంట్లో వారికి చెప్పవద్దన్న షరతు. నిజమైన అరెస్టులో పోలీసులే బంధువులకు తెలియజేయాలి, అది చట్టం వారి మీద పెట్టిన బాధ్యత. ఎవరికీ చెప్పవద్దని అన్న మరుక్షణం ఫోను పెట్టేసి పక్కగదిలోకి నడవండి. బ్యాంకులో పనిచేసే మిత్రులకు కూడా ఒక విన్నపం: డెబ్బై ఏళ్ల మనిషి చెవిలో ఫోనుతో వచ్చి, వణుకుతూ, డిపాజిట్లన్నీ ఒకేసారి తీసేయమంటే ఫారం అందించే ముందు కుర్చీ వేసి మంచినీళ్లు ఇవ్వండి. ఆ ఐదు నిమిషాలలో నిజం బయటపడిన సందర్భాలు నాకు తెలుసు.

డబ్బు పోయింది. ఏ వరుసలో ఏం చేయాలి?

ముందు 1930. ఈ నంబరు దేశమంతటికీ ఒకటే. అక్కడ ఫిర్యాదు నమోదైతే డబ్బు చేరిన ఖాతా ఉన్న బ్యాంకుకు సమాచారం వెళ్లి, ఇంకా అక్కడే మిగిలి ఉన్న మొత్తాన్ని కదలకుండా ఆపుతారు. మోసగాళ్లు ఒక ఖాతా నుంచి నాలుగు ఖాతాలకు, అక్కడి నుంచి ఏటీఎంకు చేర్చడానికి ఎంతోసేపు పట్టదు. అందుకే మొదటి గంట రెండు గంటలు ఎంతో విలువైనవి. లావాదేవీ నంబరు, సమయం, మొత్తం, ఎవరికి వెళ్లిందో చూపే మెసేజీ దగ్గర పెట్టుకుని ఫోన్ చేయండి. లైను దొరకకపోతే జాతీయ సైబర్ క్రైమ్ రిపోర్టింగ్ పోర్టల్‌లో అదే ఫిర్యాదు చేయవచ్చు. చిరునామా ‘సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్’.

వెంటనే బ్యాంకుకు కూడా చెప్పి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. ఎందుకంటే 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం, తప్పు బ్యాంకుదీ మనదీ కాకుండా మధ్యలో మరెక్కడో జరిగినప్పుడు, సమాచారం అందిన మూడు పనిదినాలలోగా బ్యాంకుకు చెబితే మన నష్టం సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే ఖాతా రకాన్ని బట్టి కొంత మన మీద పడుతుంది. మనమే ఓటీపీ, పిన్ చెప్పి ఉంటే బ్యాంకుకు తెలియజేసేవరకు జరిగిన నష్టం మనదే, తెలియజేసిన తరువాత జరిగినది బ్యాంకుది. అంటే మన తప్పు ఉన్న చోట కూడా తొందరగా చెప్పడం వల్ల లాభమే. సిగ్గుపడి రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా తిరిగినవారు నాకు చాలామంది కనిపించారు. ఆ రెండు రోజులే వారిని ముంచాయి.

మెసేజీలు, కాల్ లాగ్, చాట్ ఏవీ తుడిచేయవద్దు. ఆపిన డబ్బు ఖాతాలో ఉన్నంత మాత్రాన తనంతట తాను తిరిగిరాదు, చాలా సందర్భాలలో కోర్టు ఉత్తర్వు కావాలి. తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా ఇలా తిరిగి ఇప్పిస్తున్నారు. ఇంకొక జాగ్రత్త: ‘మీ పోయిన డబ్బు రాబట్టి ఇస్తాం, ఫీజు కట్టండి’ అని వచ్చేవారు కూడా ఆ ముఠా బంధువులే.

నా వాట్సాప్ వేరొకరి చేతిలోకి వెళ్లింది. ఎలా వెళ్లింది?

మన నంబరుకు వచ్చిన ఆరంకెల కోడ్‌ను ఏదో వంకతో రాబట్టుకునో, లేదా కొరియరు డెలివరీకంటూ నక్షత్రం గుర్తుతో మొదలయ్యే ఒక నంబరు డయల్ చేయించి, మన కాల్స్ తమకు మళ్లేలా చేసుకునో ఈ పని చేస్తారు. అలాంటి నంబరు డయల్ చేసి ఉంటే ##002# కొట్టి కాల్ ఫార్వర్డింగ్ మొత్తం రద్దు చేసుకోండి. వాట్సాప్‌ను మళ్లీ మన నంబరుతో నమోదు చేసుకుంటే అవతలివాడు బయటకు పోతాడు. అతను ఈలోగా రెండంచెల పిన్ (నమోదుకు కోడ్‌తో పాటు అదనంగా అడిగే రహస్య సంఖ్య) పెట్టి ఉంటే ఏడు రోజులు ఆగవలసి రావచ్చు. ఆ పిన్‌ను ముందుగా మనమే పెట్టుకోవడానికి రెండు నిమిషాలు చాలు. లింక్డ్ డివైసెస్ అన్న చోట మనకు తెలియని కంప్యూటరు ఏదైనా ఉందేమో కూడా చూడండి. జిరాక్స్ షాపులో తెరిచి మరిచిపోయిన వాట్సాప్ వెబ్ అక్కడే కనిపిస్తుంది.

పాస్‌వర్డు నెలకొకసారి మార్చాలా?

అవసరం లేదు. తరచుగా మార్చమంటే జనం చివరి అంకె ఒక్కటే మారుస్తారు. పొడవుగా ఉండటం, ఒకచోట వాడింది మరొకచోట వాడకపోవడం, ఈ రెండే ముఖ్యం. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలలో కలిపి రాస్తే గుర్తుంటుంది, ఊహించడం కష్టం. సామెతలు, పాటల పల్లవులు, పిల్లల పేర్లు, పుట్టినరోజులు పనికిరావు. అన్నిటికంటే గట్టిగా కాపాడుకోవలసింది ఈమెయిలు పాస్‌వర్డు; మిగతా అన్ని ఖాతాల పాస్‌వర్డులూ మార్చుకోవడానికి దారి దాని గుండానే ఉంది. దానికి రెండంచెల ధ్రువీకరణ, అంటే పాస్‌వర్డు తరువాత మరో రుజువు కూడా అడిగే ఏర్పాటు, తప్పక పెట్టుకోండి. నోటుపుస్తకంలో రాసి బీరువాలో పెట్టుకోవడాన్ని కొందరు వెక్కిరిస్తారు గానీ, ఫోనులో ‘బ్యాంకు పాస్‌వర్డు’ అనే పేరుతో కాంటాక్టు సేవ్ చేసుకోవడం కంటే అది ఎన్నో రెట్లు మేలు.

నా పేరు మీద ఇంకెవరైనా సిమ్ తీసుకున్నారో, అప్పు తీసుకున్నారో తెలుసుకోవడం ఎలా?

సిమ్‌ల కోసం కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీలో మన నంబరు, ఓటీపీ ఇస్తే మన పేరుతో ఉన్న నంబర్లన్నీ చూపిస్తుంది. మనది కానిదాన్ని అక్కడే ఫిర్యాదు చేయవచ్చు. తెలుగు రాష్ట్రాలలో ఒక మనిషికి గరిష్ఠంగా తొమ్మిది సిమ్‌లు. ఫోను పోయినప్పుడు ఐఎంఈఐ (ఒక్కో ఫోనుకు విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) నంబరుతో దాన్ని పనిచేయకుండా ఆపించేది కూడా అక్కడే. ఆ నంబరు కోసం ఇప్పుడే *#06# కొట్టి చూసి కాగితం మీద రాసి పెట్టుకోండి, పోయిన ఫోనులో వెతకలేరు కదా.

అప్పుల కోసం సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలూ ఏడాదికొకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. మూడు నెలలకొకటి చొప్పున ఒక్కో సంస్థ నుంచి తెప్పించుకుంటే ఏడాది పొడవునా కాపలా ఉన్నట్లే.

లోన్ యాప్ వాళ్లు నా కాంటాక్టులందరికీ ఫోన్లు చేస్తున్నారు.

2020లో తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకునేంతవరకు వెళ్లిన వ్యవహారమిది, కాబట్టి తేలిగ్గా తీసుకోకండి, ఒంటరిగా కూడా మోయకండి. యాప్‌కు కాంటాక్టులు, ఫోటోలు చూసే అనుమతి ఇచ్చినప్పుడే ఆ జాబితా వాళ్ల సర్వరుకు వెళ్లిపోయింది. అందుకే ఇప్పుడు యాప్‌ను తీసేసినా వేధింపు ఆగదు. 2023 మే చివరి నుంచి గూగుల్ ప్లే స్టోర్‌లోని రుణ యాప్‌లు ఈ రెండిటినీ తాకకూడదని నియమం వచ్చింది, అడ్డదారిలో దింపుకున్న యాప్‌లకు అది వర్తించదు. రిజర్వు బ్యాంకు తన పరిధిలోని సంస్థల డిజిటల్ రుణ యాప్‌ల జాబితాను తన వెబ్‌సైటులో పెట్టింది. అప్పు తీసుకోకముందే అందులో చూడండి. మార్ఫింగ్ ఫోటోలతో బెదిరిస్తే ఇంకా డబ్బు కట్టకుండా ఫిర్యాదు చేయండి, కాంటాక్టులలో ఉన్నవారికి మీరే ముందుగా ఒక మెసేజీ పెట్టండి. ముందే విన్నవారి దగ్గర బెదిరింపు చెల్లదు.

వ్యక్తిగత ఫోటోలు బయటపెడతానని బెదిరిస్తున్నాడు.

తప్పు మీది కాదు, డబ్బు కట్టవద్దు, చాట్ తుడిచేయవద్దు. సమాచార సాంకేతిక చట్టంలోని 66ఈ, 67, 67ఏ సెక్షన్లు ఇలాంటివాటికే ఉన్నాయి. వెంటపడి వేధించడం భారతీయ న్యాయ సంహిత 78 కింద నేరం. ‘స్టాప్ ఎన్‌సీఐఐ’ అనే అంతర్జాతీయ సేవలో ఫోటోను ఎక్కడికీ పంపనవసరం లేకుండానే, మన ఫోనులోనే దాని గుర్తింపు సంకేతం తయారై, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటి వేదికలకు చేరుతుంది. ఆ ఫోటో అక్కడ ఎక్కకుండా వారు అడ్డుకుంటారు. పద్దెనిమిదేళ్ల లోపువారికి ఇలాంటిదే ‘టేక్ ఇట్ డౌన్’ ఉంది. తెలంగాణలో షీ టీమ్స్‌ను సంప్రదించవచ్చు, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లలపై నేరాలను పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయవచ్చు. తల్లిదండ్రులకు ఒక మాట: అమ్మాయి వచ్చి చెప్పినప్పుడు మొదట ఫోను లాక్కోవడం వల్లనే రెండోసారి ఆమె చెప్పదు.

బ్రౌజరులో ఇన్‌కాగ్నిటో (ప్రైవేటు) పద్ధతిలో చూస్తే ఎవరికీ తెలియదా?

మన ఫోనులో చరిత్ర మిగలదు, అంతే. ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకి, ఆఫీసు నెట్‌వర్కుకు, చూసిన వెబ్‌సైటుకు తెలుస్తుంది. చిరునామా పక్కన కనిపించే తాళం బొమ్మ సంగతి కూడా ఇలాంటిదే: దారిలో ఎవరూ చదవలేరని అర్థం గానీ అవతల ఉన్నది మంచివాడని కాదు. దొంగ వెబ్‌సైట్లకూ ఆ తాళం ఉంటుంది.

మా అమ్మాయి అమెరికాలో చదువుతోంది. ఆమె గొంతుతోనే ఏడుస్తూ ఫోన్ వచ్చింది.

సోషల్ మీడియాలో పెట్టిన కొద్ది సెకన్ల వీడియోతో గొంతును నకలు చేయడం ఇప్పుడు కష్టం కాదు. ఫోను పెట్టేసి ఆమె నంబరుకు మీరే చేయండి. దొరకకపోతే ఆమె రూమ్‌మేట్‌కు చేయండి. ఆ నంబరు ఈ రోజే తీసుకుని పెట్టుకోండి. ఇంట్లో వాళ్లకు మాత్రమే తెలిసిన ఒక మాట అనుకుని ఉంచుకోవడం కూడా మంచిదే. చిన్నప్పుడు పక్కింటి కుక్కను ఏ పేరుతో పిలిచేవాళ్లం వంటిది, ఎక్కడా రాయనిది.

అక్కడున్న విద్యార్థులకు వేరే తరహా ఫోన్లు వస్తాయి: ఇమ్మిగ్రేషన్ అధికారినంటూ, ఒక్కోసారి భారత రాయబార కార్యాలయం నంబరే తెర మీద కనిపించేలా చేసి, వీసా రద్దవుతుందని బెదిరించి గిఫ్ట్ కార్డులు కొనిపిస్తారు. ఏ ప్రభుత్వమూ జరిమానాను గిఫ్ట్ కార్డుల రూపంలో తీసుకోదు. అలాంటి ఫిర్యాదులు అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ వారి ఆన్‌లైన్ నేరాల ఫిర్యాదు కేంద్రం ఐసీ3లో చేయాలి. సోషల్ సెక్యూరిటీ నంబరు బయటపడితే ఆ పేరుతో ఎవరూ కొత్త అప్పు తీసుకోకుండా అక్కడి మూడు క్రెడిట్ సంస్థల దగ్గరా ఫ్రీజ్ పెట్టించవచ్చు, 2018 సెప్టెంబరు నుంచి అది ఉచితం.

నా వివరాలు అమ్ముకున్న కంపెనీని చట్టం ఏమీ చేయదా?

గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. ఆ కేసు వేసినది కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ పుట్టస్వామి. ఆ తీర్పు నీడలో 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. కంపెనీల మీద అసలు బాధ్యతలు ఆ తరువాత పద్దెనిమిది నెలలకు అమలులోకి వస్తాయి. సమాచారాన్ని భద్రంగా ఉంచకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉంది, మన వివరాలు తుడిచేయమని అడిగే హక్కు ఉంది, పద్దెనిమిదేళ్లలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ప్రభుత్వ సంస్థలకు ఇచ్చిన మినహాయింపులు ఎక్కువేనని నాకనిపిస్తుంది. ఏమైనా అంతవరకు మన చేతిలో ఉన్నది ఒకటే: బిల్లు కౌంటరులో నంబరు అడిగినప్పుడు ‘వద్దండీ, నంబరు లేకుండా వేయండి’ అనడం. నేను అంటున్నాను, బిల్లు వస్తోంది.

నాన్నగారు పోయారు. ఆయన ఫోన్ నంబరు ఏం చేయాలి?

రీచార్జి ఆపేసి వదిలేయవద్దు. నిలిచిపోయిన నంబరును కనీసం 90 రోజుల తరువాత కంపెనీలు మరొకరికి ఇవ్వవచ్చు. అప్పటికి ఆ నంబరు ఇంకా బ్యాంకు ఖాతాకు, ఈమెయిలుకు, వాట్సాప్‌కు జత అయి ఉంటే ఆ కోడ్‌లు కొత్త మనిషికి పోతాయి. కాబట్టి మరణ ధ్రువపత్రంతో ఖాతాలు, బీమా, గ్యాస్ కనెక్షన్ అన్నిటిలోనూ నంబరు మార్పించేవరకు చిన్న ప్లాను వేయిస్తూ సిమ్‌ను బతికించి ఉంచండి. ఆయన పేరుతో ఓటీపీ అడిగే ఫోన్లు ఈ నెలల్లో వస్తాయి, శ్రద్ధాంజలి ఫ్లెక్సీ ఫోటోను పేరు, తేదీలు, ఊరితో సహా ఫేస్‌బుక్‌లో మనమే పెట్టి ఉంటాం కాబట్టి. వాట్సాప్ ఖాతాను చివరగా తొలగించండి. దానికి ముందు ఆయన గొంతు ఉన్న వాయిస్ మెసేజీలను వేరే చోట భద్రపరచుకోండి, తరువాత అవి మళ్లీ దొరకవు.